లింకు కింద ఒక వాక్యం

(ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా అండీ? ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది, గొంతు పెంచుతాను.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "సోషల్ మీడియా: మంచీ చెడూ" మీద మాట్లాడమన్నారు. ఆ పేరుతో బళ్లలో వ్యాసరచన పోటీలు పెడతారండి. అందులో నేను దిగితే మూడో బహుమతి కూడా రాదు. (నవ్వులు) అందుకని బతిమాలుకుని ఇంకా చిన్న విషయం పుచ్చుకున్నాను. ఒక స్నేహితుడు ఇంటర్నెట్‌లో ఏదో చదువుతాడు, ఏదో చూస్తాడు. బుర్రలో పురుగు తొలుస్తుంది. వెంటనే ఇంకో స్నేహితుడికి పంపిస్తాడు, "ఇది చూడరా" అని. ఆ "ఇది చూడరా" గురించే ఇవాళ నా మాటలన్నీ.

నా వాదన ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లాల్సిన వాళ్లుంటారు కదా. పంపిన లింకు ఎవరికైనా దొరుకుతుంది. దాని కింద పంపినవాడు రాసిన ఒక్క వాక్యం ఇంకెక్కడా దొరకదు. మనం ఇరవై ఏళ్లుగా పోగొట్టుకుంటున్నది ఆ వాక్యాన్నే.

మేం కాకినాడలో కలిసి చదువుకున్న కొద్దిమందిమి. ఒకడు విశాఖలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాడు, అందుకని వాణ్ని అందరం మాస్టారూ అనే పిలుస్తాం. ఒకడు న్యూజెర్సీలో ఉంటాడు. ఒకావిడ హైదరాబాద్‌లో తెలుగు ఫాంట్ల పని చేస్తుంది. మిగతావాళ్లు అన్నీ చదువుతారు గానీ పలకరు, ప్రతి గ్రూపులోనూ అలాంటి వాళ్లుంటారు, వాళ్లు లేకపోతే గ్రూపు నడవదు. మా గ్రూపులో గుడ్‌మార్నింగులు లేవు, పుట్టినరోజు కేకులు లేవు. కట్టుబాటు ఒక్కటే. ఏది పంపినా, ఎందుకు పంపుతున్నావో సొంత మాటల్లో రాయాలి. రాయకపోతే మాస్టారు ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటాడు. అది పడిందంటే ఇంక తలెత్తుకోలేం.

ఎలాంటివి పంపుకుంటారయ్యా అంటారా? ఒకటి చెప్తాను. 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబ్‌లో ట్రోజన్ రూమ్ అని ఒక గది. దాని బయట కాఫీ మెషీన్. వేరే అంతస్తుల్లో ఉన్న పరిశోధకులు మెట్లెక్కి దిగి అక్కడికి వచ్చేసరికి కూజా ఖాళీగా ఉండేది. కోపం వచ్చి కూజాకి ఎదురుగా ఒక కెమెరా పెట్టారు, ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని కాఫీ ఉందో లేదో చూసుకోవడానికి. తపాలా బిళ్లంత నలుపు తెలుపు బొమ్మ. 1993లో దాన్ని వెబ్‌లో పెడితే ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఆ కూజాని చూశారు. 2001లో ఆ కెమెరా ఆపేశారు. కూజాని వేలం వేస్తే ఒక జర్మన్ పత్రిక వెబ్‌సైటు వాళ్లు 3,350 పౌండ్లు పెట్టి కొన్నారు.

ఇది సరదా కబురు. గూగుల్‌లో వెతికితే మీకూ దొరుకుతుంది. కానీ మావాడు న్యూజెర్సీ నుంచి దీన్ని పంపుతూ కింద ఏం రాశాడంటే, "ఎవడికో మెట్లెక్కడం బద్ధకం. ఇప్పుడు మా వీధిలో ప్రతి గుమ్మానికీ కెమెరా. మొన్న నేను కుక్కని తిప్పుతుంటే పక్కింటాయన ఆఫీసులో కూర్చుని చూశానన్నాడు." అంతే రాశాడు. మాస్టారు వెంటనే అందుకున్నాడు: "ఒరేయ్, వాళ్లు చూసింది కూజాని. నిన్ను కాదు. వస్తువు మీద పెట్టిన కన్ను మనిషి మీదకి ఎప్పుడు తిరిగింది?" ఇంక చూడండి, ఆ వారమంతా అదే. అపార్ట్‌మెంట్ల సీసీ కెమెరాలు, పరీక్ష హాళ్లలో కెమెరాలు, ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద పెట్టిన కెమెరా మర్యాదా కాదా, అన్నీ వచ్చాయి. కూజా కథలో ఇవేవీ లేవు. ఇదంతా పుట్టింది ఆ కుక్క వాక్యంలోంచి.

మనకి ఇంకా దగ్గరి సంగతి ఇంకొకటి. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొడుతోందని లోకమంతా గోల. ఆ అక్షరం 'జ్ఞా'. అది మెసేజ్‌లో వస్తే ఆ యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌గా తెర మీద కనపడితే ఫోన్ మళ్లీ మళ్లీ మొదటికి వచ్చేది. దాని మీద వచ్చిన జోకులు మీకు తెలుసు, మళ్లీ చెప్పి మీ సహనం పరీక్షించను. మా గ్రూపులోకి ఆ వార్త ఒకే రోజు చాలా దారుల్లో వచ్చిపడింది. అన్ని శీర్షికలూ ఒకటే, తెలుగు అక్షరంతో ఐఫోన్ క్రాష్ అని.

ఫాంట్ల పని చేసే ఆవిడ మాత్రం వార్త పంపలేదు. ఎవరో సాఫ్ట్‌వేర్ మనిషి రాసిన విశ్లేషణ పంపి, ఇలా రాసింది: "మనం రోజూ కొట్టే జ్ఞా వల్ల ఏమీ కాదు. ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని కోడ్ ఒకటి ఇరుక్కుంటేనే చిక్కు. బెంగాలీలోనూ వస్తుందట. మరి పేపర్ల వాళ్లు మన లిపిని ముద్దాయిని చేశారేమిటి?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఇది చూడతగ్గ విషయం. మీరు ఫోన్‌లో జ్ఞా అని కొడితే మీకు కనపడేది ఒకే అక్షరం. ఫోన్ లోపల దాచుకునేది ముక్కలు ముక్కలుగా: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఆ ముక్కలన్నీ చూసి, ఒత్తు ఎక్కడ వేయాలి, దీర్ఘం ఎక్కడ తగిలించాలి అని లెక్కలు కట్టి బొమ్మ గీసే పని ఒకటి లోపల జరుగుతుంది. ఇవి కాక, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే కోడ్ ఒకటుంది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు. మనకి అది చాలా అవసరం. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా పొల్లు పొల్లుగా నిలవాలంటే మధ్యలో దాన్నే పెట్టాలి. ఆ కనపడని కోడ్ జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు వస్తే, ఆ ఫోన్ల లోపలి లెక్క తప్పి కూలబడేది. ఆ కంపెనీ ఫిబ్రవరి 19న ఇంకో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

ఆవిడ రాసిన దాని కింద మాస్టారు ఇంకో పుల్ల వేశాడు: "2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల మందికి పైగా తెలుగువాళ్లున్నారు. ఇంతమంది రాసే లిపిని పూర్తిగా పరీక్షించకుండానే ఫోన్ బయటికి వచ్చిందన్నమాట. ఇంగ్లీషులో ఒక అక్షరానికి ఇలా జరిగితే శీర్షిక ఎలా ఉండేది? 'ఇంగ్లీషు అక్షరం ఫోన్లని చంపుతోంది' అని రాసేవాళ్లా, 'ఫోన్లు పాడైపోయాయి' అని రాసేవాళ్లా?" నాకు ఆ ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు. టెక్నాలజీ, పత్రికలు, సంస్కృతి అని మూడు వేర్వేరు సెమినార్లు పెట్టి చెప్పేదంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. అదే వార్తని అదే రోజు కొన్ని కోట్ల మంది తోసుకున్నారు. తోసుకోవడమే.

ఈ ఆలోచన నా సొంతం ఏమీ కాదు. 1945 జులైలో అమెరికాలో అట్లాంటిక్ అనే మాసపత్రికలో వానెవర్ బుష్ ఒక వ్యాసం రాశాడు. యుద్ధకాలంలో అమెరికా శాస్త్ర పరిశోధనలన్నిటికీ పెద్ద తలకాయ ఆయన. ఆ వ్యాసంలో ఒక యంత్రాన్ని ఊహించాడు, మెమెక్స్ అని పేరు పెట్టాడు. చూడటానికి రాతబల్ల. లోపల మైక్రోఫిల్ముల మీద ఆ మనిషి పుస్తకాలు, ఉత్తరాలు, నోట్సు, అన్నీ. పైన తెరలు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ముడి వేసుకుంటూ పోవచ్చు. అప్పటికి వెబ్ లేదు, మనమనుకునే కంప్యూటరే లేదు, చూసుకోండి.

బుష్ దీనికి ఇచ్చిన ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఒకాయన విల్లంబుల చరిత్ర చదువుతున్నాడు. క్రూసేడు యుద్ధాల్లో తురుష్కుల పొట్టి విల్లు, ఆంగ్లేయుల పొడుగు విల్లు కంటే ఎందుకు బాగా పనిచేసింది అని ఆయన సందేహం. ఒక పుస్తకంలో ఒక పేజీ, ఇంకో చోట ఇంకో పేజీ, అలా ముడివేసుకుంటూ పోతాడు. మధ్యమధ్యలో తన వ్యాఖ్య తను రాసి కలుపుతాడు. కొన్నేళ్ల తర్వాత ఒక స్నేహితుడితో మాట్లాడుతుంటే, జనం కొత్త వాటిని ప్రాణం మీదకి వచ్చినా ఎందుకు ఒప్పుకోరు అని కబుర్లు వస్తాయి. "దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది" అని ఆ విల్లంబుల దారి మొత్తం తీసి, నకలు చేసి, స్నేహితుడి చేతిలో పెడతాడు. ఆయన దాన్ని తన మెమెక్స్‌లో తన దారికి కలుపుకుంటాడు.

బుష్ కల కన్న యంత్రం చివరికి చేసే పని అది. ఒక స్నేహితుడు ఇంకొకడికి తను నడిచిన దారి ఇవ్వడం. అందులో ఇచ్చినవాడి రాత కూడా ఉంటుంది. మన చేతికొచ్చిన యంత్రంలో లింకులు కోట్లకొద్దీ ఉన్నాయి. ఆ మధ్యలో రాసిన వ్యాఖ్య మాత్రం తప్పిపోయింది.

గ్రంథాలయంలో ఉన్నాం కాబట్టి ఇంకో ముక్క చెప్పకుండా ఉండలేను. ఆ వ్యాసాన్ని లైఫ్ పత్రిక మళ్లీ వేసింది. యుద్ధం అప్పుడే అయిపోయింది. ఫిలిప్పీన్స్‌లో లెయితే ద్వీపంలో రాడార్ పని చేసే ఒక కుర్ర నావికుడు, రెడ్‌క్రాస్ వాళ్లు గుంజల మీద కట్టిన ఒక పాకలో, దాన్ని గ్రంథాలయం అనేవాళ్లు, ఆ పత్రిక తిరగేస్తూ ఈ వ్యాసం చదివాడు. అతని పేరు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. 1962లో బుష్‌కి ఉత్తరం రాశాడు, మీ వ్యాసంలోంచి కొన్ని భాగాలు వాడుకుంటానని. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదికెక్కి మౌస్, తెర మీద నొక్కితే ఇంకో చోటికి తీసుకెళ్లే లింకులు, దూరాన ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడటం, అన్నీ చేసి చూపించాడు. పాకలో పత్రిక పెట్టిన ఆ గ్రంథాలయం మనిషి ఎవరో గానీ, కమిటీ వారు మన రీడింగ్ రూమ్‌లో పత్రికల చందాలు ఆపేసే ముందు ఒకసారి ఆయన్ని తలుచుకోండి. (చప్పట్లు)

ఇప్పుడు మధ్య కాలానికి వద్దాం. మన వాళ్లు కూడా ఈ దారి నడిచారు. 90లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకుంటూ పద్యాల గురించీ సినిమాల గురించీ దెబ్బలాడుకున్నారు. అలా రాయడానికి ఒక పద్ధతిని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న మనవాళ్లే తయారుచేశారు. ఆ వాతావరణంలోంచే 1998లో 'ఈమాట' పత్రిక వచ్చింది. మొదటి సంచిక నుంచీ ఇవాళ కూడా ఉచితంగా చదువుకోవచ్చు. ఇంకొన్ని అంత అదృష్టానికి నోచుకోలేదు. యాహూ గుంపుల్లో ఏళ్లతరబడి జరిగిన చర్చలు, కంపెనీ 2020 డిసెంబరులో ఆ సేవ మొత్తం మూసేసేసరికి, ఎవరో ఓపికగా దాచుకున్నవి తప్ప పోయాయి.

గూగుల్ రీడర్ అని ఒకటుండేది, కుర్రవాళ్లకి తెలియకపోవచ్చు. 2005లో వచ్చింది. మనకి నచ్చిన సైట్లలో కొత్తగా వచ్చినవన్నీ ఒకచోట పోగేసేది. అందులో ఒక చిన్న సదుపాయం ఉండేది: మీకు నచ్చిన వ్యాసానికి మీ మాట ఒకటి జతచేసి స్నేహితులకి చూపించవచ్చు. చదివినవాళ్లు అక్కడే జవాబు రాయవచ్చు. వైరల్ అవడం లేదు. చూసేది ఎక్కువగా మీ స్నేహితులే. ఇరాన్‌లో చాలా సైట్లు అక్కడి ప్రభుత్వం మూసేస్తే, అక్కడి కుర్రకారు రీడర్‌లోంచి ఆ వ్యాసాలు చదువుకుని ఒకరికొకరు పంచుకున్నారు. 2011 అక్టోబరు చివర ఆ పంచుకునే సదుపాయాన్ని గూగుల్ తీసేసింది, అందర్నీ గూగుల్ ప్లస్ అనే తన సోషల్ మీడియా సైటుకి మళ్లించడానికి. 2013 జులై 1న రీడర్‌నే మూసేసింది. ఆ గూగుల్ ప్లస్ కూడా 2019లో పోయింది. ఇల్లు పీకి పందిరి వేసినట్టు అంటారు చూడండి, ఆ పందిరి కూడా మిగల్లేదు.

తర్వాత ఏం జరిగిందో మీ అందరి చేతుల్లోనూ ఉంది. ఫార్వర్డ్ బాణం. దాని మీద నాకు కోపం ఎందుకంటే, పంపడానికి ఖర్చు లేకుండా చేసింది. డబ్బు ఖర్చు కాదండీ, ఆలోచన ఖర్చు. ఎవరికి పంపుతున్నాం, ఎందుకు పంపుతున్నాం అని అర నిమిషం ఆగేవాళ్లం, ఆ ఖర్చు. కవరు మీద పేరు రాయకుండా, పసుపు పెట్టకుండా, శుభలేఖల కట్ట గుమ్మాల్లో పడేసుకుంటూ పోతే ఎవరైనా పెళ్లికి వస్తారా?

ఖర్చు లేకపోవడం ఎంత దూరం పోయిందో మనదేశమే చూసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి, ఊరికి కొత్తగా వచ్చిన వాళ్లని కొట్టి చంపారు. మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో జులై 1న ఒకే చోట అయిదుగుర్ని. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి అయిదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2019 జనవరిలో ఆ నియమం ప్రపంచమంతటికీ వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో, ఇప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక్క చోటికే పంపగలరని ఇంకా బిగించారు. దాంతో అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని వాళ్లే చెప్పారు. మెసేజ్ మారలేదు, మనుషులు మారలేదు. ఒకటికి రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది, అంతే, వందకి డెబ్బై ఆగిపోయాయి! అంటే ఆ డెబ్బైని పంపాలని ఎవరికీ గట్టిగా లేదన్నమాట.

ఆ రోజుల్లో గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉండేవారు. ఆవిడ యాప్ కంపెనీ కోసం ఎదురుచూడలేదు. పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, మీ ఫోన్‌లో వచ్చిందల్లా నమ్మకండి, అనుమానం వస్తే మాకు చెప్పండి అని చెప్పించారు. నాకు అందులో నచ్చింది ఏమిటంటే, ముఖం తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పడం. పంపినవాడు ఎవడో తెలియని కబురుకి అదే విరుగుడు.

ఇంక చదవకుండా పంపడం. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లో ఇన్రియా సంస్థ పరిశోధకులు ట్విట్టర్‌లో పెట్టిన వార్తల లింకులు లెక్కేస్తే, వాటిలో 59 శాతం ఎవ్వరూ ఒక్కసారి కూడా తెరవలేదు. దీన్ని "59 శాతం మనుషులు చదవకుండా పంపుతారు" అని చెప్పేవాళ్లున్నారు, అది వేరే మాట, ఆ పరిశోధన చెప్పింది లింకుల లెక్క. అంటే దీన్ని పంచేవాళ్లు కూడా దీన్ని పూర్తిగా చదవలేదు. (నవ్వులు) అంతకు ముందు 2014 ఏప్రిల్ 1న అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో వాళ్లు "అమెరికా ఇప్పుడు చదవడం ఎందుకు మానేసింది?" అని ఫేస్‌బుక్‌లో ఒక వ్యాసం పెట్టారు. తెరిస్తే లోపల వ్యాసం లేదు. ఏప్రిల్ ఫూల్ అండీ, చదివినవాళ్లు వ్యాఖ్య రాయకండి, మిగతావాళ్లు ఏమంటారో చూద్దాం అని ఉంది. కింద జనం కోపంగా రాస్తూనే ఉన్నారు, మేం చదువుతాం, మీకేం తెలుసు అని.

మొన్నీమధ్య ఇందులో కొత్త తిరకాసు వచ్చింది. మా న్యూజెర్సీవాడే, పొడుగాటి వ్యాసం ఒకటి పంపి, కింద చక్కగా అయిదు అంశాలు పెట్టాడు. భాష మరీ నున్నగా ఉంది. వాడిది కాదు, ఏఐ చాట్‌బాట్‌తో చేయించాడు. మాస్టారు ప్రశ్నార్థకం పెట్టలేదు, ఒక్కటే అడిగాడు: "చదువుతుంటే నువ్వెక్కడ ఆగావురా?" జవాబు లేదు. మర్నాడు పొద్దున్న వచ్చింది. "మూడో పేజీలో ఆగాను. ఈయన చెప్పేది మా నాన్న పొలం అమ్మినప్పుడు జరిగింది." చూశారా అండీ. సారాంశం ఎవరైనా చేస్తారు, యంత్రం ఇంకా బాగా చేస్తుంది, దాని మీద నాకేం కక్ష లేదు. ఎక్కడ ఆగావో మాత్రం నువ్వే చెప్పాలి.

ఇంతసేపూ చిన్న గ్రూపుని ఆకాశానికెత్తాను కదా, దాని రోగం కూడా చెప్పాలి. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త ఒక పరిశోధన అచ్చువేశాడు. బోస్టన్ పక్కన ఒక ఊళ్లో జనం ఉద్యోగాలు ఎలా సంపాదించారని అడిగాడు. చాలామందికి కబురు అందింది ప్రాణస్నేహితుల ద్వారా కాదు, ఎప్పుడో ఒకసారి కనపడే ముఖపరిచయస్తుల ద్వారా. ఎందుకంటే నా దగ్గరి స్నేహితుడికి తెలిసింది నాకూ తెలుసు. మేమిద్దరం ఒకే బావిలో ఉన్నాం. కొత్త కబురు బావి బయట నుంచే రావాలి.

మాకూ అదే జరిగింది. కొంతకాలానికి అందరం ఒకే రకం పంపుకోవడం మొదలెట్టాం. ప్రతి టెక్నాలజీ వ్యాసానికీ "చూశావా, అంతా నాశనం" అని ఒకటే పాట. మనం ఎంత తెలివైనవాళ్లమో అని ఒకరి వీపు ఒకరం నిమురుకోవడం. దాన్ని పగలగొట్టింది మాస్టారి దగ్గర చదివే పిల్లలు. వాడు వాళ్లని అడిగి తెచ్చేవాడు. ఒక పిల్లవాడు పాత టేపుల్లోని బుర్రకథలు శుభ్రం చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్ల వీడియో పంపాడు, పాత శబ్దంలోంచి గరగర ఎలా తీస్తారో చూడండి సార్, అది కూడా ఫిజిక్సే కదా అని రాశాడు. మా ఎవరి కంటికీ అలాంటిది పడేది కాదు. పడినా రీల్స్ చూసే పిల్లలకి ఏం తెలుసులే అని దాటేసేవాళ్లం. దగ్గరి స్నేహితుడు నాకు ఏది పట్టుకుంటుందో తెలిసి పంపుతాడు, దూరపువాడు నాకు తెలియనిది పంపుతాడు. ఇద్దరూ కావాలి, ఎవరు తక్కువైనా గ్రూపు వాసన వేస్తుంది.

సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు. దాచుకోవడం గురించి ఒక్క ముక్క. బుష్ తన వ్యాసంలో ఆ దారులు చెరిగిపోవు అని రాశాడు. ఆయన మాట నిలవలేదు. 2024లో అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క తీస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకి దొరక్కుండా పోయాయి. మేం పాత లింకులు తెరుస్తుంటే సగం చోట్ల పేజీ లేదు అని వస్తుంది. కింద రాసుకున్న మాటలు మాత్రం ఉన్నాయి. వాటిని బట్టి ఆ వ్యాసంలో ఏముందో పోల్చుకోగలుగుతున్నాం. ఏదైనా విలువైనది అనిపిస్తే వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా ఇచ్చి "సేవ్" నొక్కండి, ఉచితం. 1996 నుంచీ వాళ్లు ఆ పనిలోనే ఉన్నారు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: మా నాన్నగారు రోజూ పాతిక ఫార్వర్డ్‌లు పంపుతారండీ. ఆయనకి ఈ ప్రశ్నార్థకం పెట్టమంటారా?)

అమ్మో, పెట్టకండి. (నవ్వులు) పెద్దవాళ్లు పంపేది చాలాసార్లు కబురు కాదండీ, నేనున్నాను అని చెప్పడం. దానికి నిజానిజాల జవాబు ఇస్తే బాధపడతారు. పాతికలో ఒకటి పట్టుకుని ఫోన్ చేయండి. "నాన్నా, నువ్వు పంపిన ఆ గోదావరి వరద ఫోటో ఏ ఏడాదిది? నువ్వు అప్పుడు ఎక్కడున్నావు?" అని అడగండి. ఆయన ఫోటో పక్కన పెట్టి తను చూసిన వరద చెప్తారు. నాకు తెలిసిన ఒకాయన అలా అడగ్గా అడగ్గా వాళ్ల నాన్నగారు ఫార్వర్డ్‌లు తగ్గించి సొంతంగా రాయడం మొదలెట్టారు. అక్షరదోషాలు బోలెడు, పంపిన ప్రతిదీ చదవబుద్ధవుతుంది.

(మరొకరు: అన్నీ ఇంగ్లీషు వ్యాసాలే చెప్పారు. తెలుగులో పంపుకోదగ్గవి ఉన్నాయా?)

ఉన్నాయండీ, వెతకడానికి బద్ధకం మనకి. ఈమాట గురించి చెప్పాను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికల సంచికలు స్కాన్ చేసి పెట్టారు. ఇబ్బంది ఏమిటంటే అవి బొమ్మలు, చాలావాటిలో లోపల మాటలు సరిగ్గా వెతకలేం. కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని పేజీలు తిప్పాల్సిందే. రేడియో వచ్చిన కొత్తలో మనవాళ్లు దాన్ని తిడుతూ ఏం రాశారు, మెచ్చుకుంటూ ఏం రాశారు, నాకు తెలుసుకోవాలని ఉంది. మీలో ఎవరికైనా ఆ పాత సంచికల్లో కనపడితే నాకు పంపండి, నా నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది. ఏ పేజీలో ఆగారో రాయడం మరిచిపోకండి.